కనకాంబరం కాయల సద్దు

కనకాంబరం కాయకు నీళ్లు తగిలితే పేలుతుందని, ఆమె మా పక్క వాటాలోకి వచ్చేదాకా నాకు తెలియదు. పువ్వు మాత్రం తెలుసు. బస్టాండులో మూరల లెక్కన అమ్ముతుంటే చూసిందే. దానికి వాసన ఉండదని, కోసిన మర్నాటికి కూడా వాడదని తెలుసు. పూలు రాలిపోయాక చెట్టు మీద మిగిలే ఎండు కంకిని నిలబడి చూసే పని ఎవరికుంటుంది? ఆ కంకిలో గోధుమగింజంత కాయలుంటాయి. బాగా ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే వెంటనే ఏమీ కాదు. కాసేపటికి టప్పుమని విచ్చుకుని గింజల్ని దూరంగా విసిరేస్తుంది. చెట్టు తన విత్తనాన్ని తానే చల్లుకునే పద్ధతి అది.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక దినపత్రికకు విలేకరిని. జమ్మలమడుగు, పులివెందుల వైపు ఏం జరిగినా నేనే పోవాలి. పల్లెల్లో వర్గాలు, వర్గాల మీద పార్టీలు. ఏ రెండిళ్ల మధ్య గట్టు తగాదా వచ్చినా చివరికి ఆ లెక్కలోకే చేరేది. ఊరు విడిచిన కుటుంబాలు ప్రొద్దుటూరు వచ్చి బాడుగ ఇళ్లు వెతుక్కునేవి. ఇల్లు గలవాళ్లు ముందు ఏ ఊరని అడిగేవాళ్లు. ఊరి పేరు, వీధి పేరు వింటే చాలు, ఎవరి తాలూకు మనుషులో తెలిసిపోయేది. ఆ తర్వాత వాటా ఖాళీ లేదనేవాళ్లు.

మా ఇంటి యజమాని బట్టల వ్యాపారి, ముస్లిం. అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన ఆమెను ఊరు అడగలేదు. ఒక ట్రంకు పెట్టె, చుట్టిన చాప, పైభాగం కోసేసిన నూనె డబ్బాలో ఒక పూలచెట్టు పట్టుకుని ఆమె ఆటో దిగింది. యాభై ఏళ్లుంటాయి. బొట్టు లేదు. భాయ్ డబ్బా వైపు చూసి, "చెట్టుకు కూడా బాడుగ వెయ్యాల్నా అక్కా?" అన్నాడు.

"దానికి నీడుంటే చాలు భాయ్. గోడ అడగదు" అందామె.

అట్లా మా పక్క వాటాలో దిగింది. ఊరు కొండాపురం వైపు పల్లె అని తర్వాత తెలిసింది. ఒక్కతే కూతురు, ముద్దనూరులో ఇచ్చారు. అల్లుడింట్లో ఉంటే తన వెంట వచ్చిన తగాదా వాళ్లకు చుట్టుకుంటుందని ఆమె భయం. భర్తను చంపేశారని మా ఆవిడతో ఒకసారి చెప్పిందట. అంతకు మించి చెప్పలేదు, మా ఆవిడా అడగలేదు. మా ఆవిడ ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

డబ్బాను వీధి అరుగు మీద పెట్టుకుంది. పూసేదాకా మేమందరం అది మామూలు కనకాంబరమే అనుకున్నాం. పూశాక చూస్తే పచ్చటి పసుపు. మా వైపు పచ్చ అంటే పసుపే. కనకాంబరం రంగు అని చీరలకు చెప్పుకునే ఆ నారింజ రంగు కాదు. దారినపోయే ఆడవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఆమె ఆ పూలు కోసి అరటినారతో దండ కట్టి మా ఆవిడకు ఇచ్చేది. ముద్దనూరు నుంచి కూతురు వస్తే ఆ పిల్ల జడలో తనే పెట్టేది.

"ఆయనే తెచ్చినాడు. గండిలో ఆంజనేయస్వామి గుడికి శ్రావణ శనివారం పోయినప్పుడు తువ్వాలలో చుట్టుకోని వచ్చినాడు. పూస్తే పచ్చగా పూసింది. నిన్ను మోసం చేసినార్లే అని నవ్వినా" అని ఆమె దండ కడుతూ ఒకసారి చెప్పింది. భర్త గురించి ఆమె నోట నేను విన్న మొదటి మాట అది.

ఆ ఏడు ఎన్నికలు వచ్చాయి. గోడలన్నీ రంగులయ్యాయి. మా వీధిలో జెండాల తోరణాలు కట్టారు. వాటిలో ఒక పార్టీ రంగు పచ్చ. నామినేషన్ల హడావిడిలో అవతలి పార్టీ కుర్రవాళ్లు మోటారు సైకిళ్ల మీద పోతూ మా అరుగు ముందు ఆగారు.

"ఏం భాయ్, ఇంటి ముందర జెండా నాటినావే. నీళ్లు కూడా పోస్తాండావంట" అన్నాడు ఒకడు.

భాయ్ నవ్వాడు. "బాడిగోళ్ల చెట్టప్పా అది. నాకు ఓటుంది గానీ దానికి ల్యా" అన్నాడు. వాళ్లూ నవ్వి వెళ్లిపోయారు.

మర్నాడు పచ్చ జెండా వాళ్లు వచ్చారు. కోపంతో కాదు. భాయ్ భుజం మీద చెయ్యి వేసి, "మావోడివని ముందే చెప్పొచ్చు గదా భాయ్, ఇన్ని రోజులు తెలీకపాయ" అని మెచ్చుకుని, టీ తాగి పోయారు. ఆ టీ అయినాక భాయ్ మొహంలో రక్తం లేదు. నేరుగా పక్క వాటా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఎలక్షన్ అయ్యేదాకా చెట్టును లోపల పెట్టుకో. తిట్టినోడితో నాకు పరేషాన్ ల్యా. వాడు తిట్టి పోతాడు. మెచ్చుకున్నోడు మళ్లా వస్తాడు."

ఆమె వెంటనే డబ్బా ఎత్తింది. డబ్బాను లోపలికి మోసేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. అదొక్కటే గది. తూర్పున ఒక కిటికీ, దానికి ఇనుప చువ్వలు. కిటికీ కింద కడప బండ మీద పెట్టాం. పొద్దున పూట ఎండ పలచగా చెట్టు మీద పడేది, భోజనాల వేళకు వెళ్లిపోయేది. కనకాంబరానికి అది సరిపోతుంది. మండే ఎండ దానికి గిట్టదు.

బయట ఉన్నన్నాళ్లు ఆ చెట్టు కాయలు పేలే ఉంటాయి. వాన జల్లుకు, చెంబుతో పోసిన నీళ్లకు పేలి ఉంటాయి. వీధిలో బండ్లు, మైకులు, పిల్లలు. ఆ చిన్న చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? నాలుగు గోడల మధ్యకు వచ్చాక సంగతి వేరు.

చెట్టును లోపల పెట్టిన కొద్ది రోజులకు, పొద్దున నేను పేపరు చూస్తున్నాను. మజ్జిగ ఇవ్వడానికి పక్క వాటాలోకి వెళ్లిన మా ఆవిడ పరుగున వచ్చి, "ఒకసారి రండి" అంది. పాము దూరిందనుకుని కర్ర తీసుకుని పోయాను. గది మధ్యలో చెంబు దొర్లి ఉంది. నీళ్లు బండల మీద పారుతున్నాయి. ఆమె మంచం కింద ఉంది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, చీరకొంగు నోట్లో కుక్కుకుని, గుమ్మం వైపే చూస్తోంది.

అప్పుడే టప్పుమంది. ఏదో గింజ వచ్చి స్టీలు పళ్లానికి తగిలి టింగుమంది. చెట్టు వైపు చూస్తే ఇంకో కాయ విచ్చుకుంది. నాకు విషయం అర్థమై ఊపిరి పీల్చుకున్నాను.

"ఏం లేదు పెద్దమ్మా. చెట్టు కాయలు పేలుతున్నాయి, అంతే."

ఆమె కొంగు నోట్లోంచి తీసింది. "కాయలని నాకు తెల్దా నాయనా? కాయలే. అందుకే" అంది.

మా ఆవిడ ఆమెను పట్టుకుని బయటికి తీసి మంచం మీద కూర్చోబెట్టింది. మజ్జిగ తాగింది. చాలాసేపటికి, ఎవరూ అడగకుండానే చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు ఆమె మాటల్లోనే రాస్తాను.

"ఆయన చేసిందంతా ఎలక్షన్ పొద్దు బూతులో ఏజెంటుగా కుర్చీలో కూసోవడమే. కూసోమన్నారు, కూసున్న్యాడు. అది జరిగిన పొద్దు జమ్మలమడుగు పోవాలని బస్సు కోసరం రోడ్డు మీదికి పోయినాడు. నేను తలుపు గడేసుకోని పెరట్లో చెట్లకు నీళ్లు పోస్తాండా. అప్పుడు ఇవి వరసగా ఉండె. కాయలు టప్ టప్ అని పేలుతాండాయి. దాంట్లో ఒకటి రోడ్డు తట్టు నుంచి ఇనపడ్య. దూరం గదా, చిన్నగానే ఇనపడ్య. ఈ కాయేందో శానా గట్టిది అనుకున్నా. నవ్వుకున్నా కూడా. మళ్లా ఇంగోటి. అదీ కాయే అనుకున్నా. చెంబులో మిగిలిన నీళ్లు కూడా పోసినా. జనం అరుచుకుంటా వచ్చినాకనే గడ తీసింది. మా సందు మలుపు దాకా పరిగెత్తుకోని వచ్చినాడంట. ఇంటికే వస్తాండాడు. తలుపు తీసుంటే ఏమయ్యేదో నాకు తెల్దు. తియ్యల్యా. అంతే."

తర్వాత అవతలి వర్గం వాళ్లు ఇల్లు తగలబెట్టారు. పెరట్లో చెట్లన్నీ మాడిపోయాయి. ఒక మూల గోడవారగా మొలిచిన ఈ ఒక్క మొక్క మిగిలింది. దాన్ని పెళ్లగించి నూనె డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ఆ ఊళ్లో ఇంక కాలు పెట్టే పరిస్థితి లేదు.

ఆ సంఘటన వార్త నేను రాసిందే. ఫోనులో ఎవరో చెబితే నాలుగు వాక్యాలు రాసి పంపాను. నాటుబాంబులు భారీ శబ్దంతో పేలాయి అని రాశాను. అప్పుడు అందరం అట్లాగే రాసేవాళ్లం. ఎంత దూరంలో ఉన్నవాళ్లకు ఎంత సద్దు వినిపించింది అని అడిగే అలవాటు మాకు లేదు. ఆ రోజు ఆమె ముందు ఆ మాట అనలేదు. తర్వాత కూడా అనలేదు.

ఆ పొద్దు నుంచి ఆమె చెట్టును చూసుకునే తీరు మారింది. లేవగానే కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో కంకినీ వేళ్లతో తడిమేది. పూలు అయిపోయి కంకి ఆకుపచ్చగా ఉండగానే, కాయ గట్టిపడక ముందే గోటితో తుంచేది. తుంచినవి చెత్తబుట్టలో వేసేది కాదు, పొయ్యిలో వేసేది. బోరు నీళ్లు ఉప్పన, మట్టి మీద తెల్లగా పేరుకుంటుందని కొళాయి నీళ్లతో బియ్యం కడిగి ఆ కడుగు పోసేది. ఆకుల అడుగున పిండినల్లి కనిపిస్తే కుంకుడు రసంలో ముంచిన గుడ్డతో తుడిచేది. చెట్టు వెలుతురు వైపే ఒరిగిపోకుండా డబ్బాను రోజూ కొంచెం తిప్పేది. డబ్బా కింద పరవడానికి మా ఇంట్లో పాత పేపర్లు అడిగేది.

"బొమ్మలు లేని కాగితం ఇయ్యి నాయనా" అనేది. మా జిల్లా పేజీల్లో ఆ రోజుల్లో ఎట్లాంటి ఫోటోలు వేసేవాళ్లో ఆమెకు తెలుసు. వేరుశనగ ధరలు, టెండరు ప్రకటనలు ఉన్న పేజీలు తీసి ఇచ్చేవాణ్ని.

కాయ కట్టనివ్వకపోతే ఆ చెట్టు మళ్లీ మళ్లీ పూస్తుందని అప్పుడు తెలిసింది. గదిలో ఉండి కూడా విరగబూసింది. ఆమె భయమే దానికి ఎరువైంది. కిటికీలోంచి చూసిన ఆడవాళ్లు ఏం మందు వేస్తున్నావని అడిగేవాళ్లు. తర్వాత విత్తనాలు అడిగేవాళ్లు. లేవనేది. ఎదురింటామెకు కోపం వచ్చింది. "అన్ని పూలు పూసే చెట్టుకు ఇత్తనం ల్యాకుండా ఎట్లుంటాదిమ్మే? పోయేటప్పుడు మూటగట్టుకోని పోతాదేమో" అని మా ఆవిడతోనే అంది. మా ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఓట్ల లెక్కింపు రోజు గెలిచినవాళ్లు మా వీధిలో టపాకాయల సరాలు పరిచి కాల్చారు. పొగ ఇళ్లలోకి వచ్చింది. మా ఆవిడ భయపడి పక్క వాటాలోకి పోతే, ఆమె తాపీగా బియ్యంలో రాళ్లు ఏరుకుంటోందట. భయం వెయ్యలేదా పెద్దమ్మా అని అడిగితే, "అంత సద్దయితే ఎవరికన్నా తెలుస్తాది పాపా. తలుపేసుకుంటారు. చిన్న సద్దుతోనే గదా" అంది.

ఎన్నికలు అయ్యాక చెట్టును మళ్లీ అరుగు మీద పెట్టుకోమని భాయే చెప్పాడు. అంతలో మున్సిపాలిటీ ఎన్నికలు, ఆ తర్వాత ఇంకేవో వచ్చాయి. చెట్టు లోపలే ఉండిపోయింది.

కొన్నేళ్లు గడిచాక చెట్టు ముసలిదయింది. అడుగున కాండం బెరడు కట్టింది. ఆకులు చిన్నవయ్యాయి. కంకికి నాలుగు పూలు వస్తే గొప్ప. ఒక ఎండాకాలం సగం కొమ్మలు ఎండిపోయాయి. మా ఆవిడ పచ్చి కొమ్మలు కోసి ఇసుకలో నాటింది, కుళ్లిపోయాయి. మళ్లీ నాటింది, మళ్లీ అంతే.

ఆ శ్రావణంలో గండి శనివారాల వార్తకు పోయినప్పుడు, ఆంజనేయస్వామి గుడి బయట మొక్కలు పెట్టుకున్నవాణ్ని పచ్చ కనకాంబరం ఉందా అని అడిగాను. ఉందన్నాడు. పసుపేనా అంటే, "పచ్చే సామీ, పూసినాక నన్నే తలుచుకుంటావు" అన్నాడు. పులివెందుల బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుని ఆమె రోజూ చూసింది. అది పూసింది. నారింజ.

ఆమె నవ్వింది. "నిన్ను కూడా మోసం చేసినార్లే నాయనా" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తర్వాత ఒకరోజు మా ఆవిడ గమనించింది. ముసలి చెట్టు మీద ఒక కంకిని ఆమె తుంచలేదు. మర్చిపోయిందేమోనని చెయ్యి పెట్టబోతే, "ఉండనీ పాపా" అంది. కంకి ఆకుపచ్చ పోయి పసుపయింది, పసుపు పోయి గోధుమ రంగుకు వచ్చింది. ఆ కంకికి నీళ్లు తగలకుండా ఆమె చెట్టు మొదలు దగ్గర మాత్రమే, చుక్కలు చుక్కలుగా పోసేది. ఆ రోజుల్లో ఆమె సరిగా తిన్నట్టు లేదు. మంచం కిటికీ దగ్గరి నుంచి గుమ్మం దగ్గరికి జరిపింది.

మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. "కంకి కోసి మా ఇంటికి తీసుకుపోతా పెద్దమ్మా. మూత డబ్బాలో వేసి తడుపుతా. నువ్వు ఆ పొద్దు ముద్దనూరు పోయిరా. వచ్చేసరికి గింజలు చేతిలో పెడతా."

ఆమె ఒప్పుకోలేదు. "నేను ల్యానప్పుడు పేలితే మళ్లా అట్లనే అయితాది. ఈసారి ఏది కాయో, ఏది కాదో నేనే ఇనాల" అంది.

ఒక ఆదివారం పొద్దున మమ్మల్నిద్దర్నీ పిలిచింది. తలుపు బార్లా తీసి ఉంది. గింజలు ఎగిరిపోకుండా చెట్టు చుట్టూ పాత పంచె పరిచి, అంచులు పైకెత్తి కుర్చీలకు కట్టింది. ఆ పంచె ఎవరిదో మేము అడగలేదు. ఇత్తడి చెంబులో వేళ్లు ముంచి కంకి మీద నీళ్లు చిలకరించి వెనక్కి జరిగింది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. వీధిలో ఎవరో బిందె దించిన చప్పుడుకు ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

టప్పుమంది.

ఆమె చెయ్యి విడిపించుకుంది. మంచం కిందికి పోలేదు. గబగబా గుమ్మం దాటి అరుగు మీదికి పోయి, వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. మలుపు వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. లోపలికి వచ్చింది. కూర్చోబోతుండగా ఇంకోటి పేలింది. మళ్లీ లేచి పోయి చూసింది. ప్రతి కాయకూ అంతే. రెండు కాయలు వెంటవెంటనే పేలినప్పుడు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి మళ్లీ పోయి చూసింది. నేను ఆపుదామని లేస్తే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఎదురుగా దుకాణానికి బయల్దేరుతున్న భాయ్, ఆమె అట్లా లోపలికీ బయటికీ తిరగడం చూసి ఆగాడు. సైకిల్ స్టాండు వేసి, తనూ మలుపు వైపు చూశాడు.

"ఏంది అక్కా, ఎవురన్నా వస్తాండారా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎవురూ రాల్యా భాయ్. కాయలు" అంది.

పంచెలో దొరికిన గింజల్లో కొన్ని ఎదురింటామెకు ఇచ్చింది, కొన్ని కూతురికి, కొన్ని మాకు. ముసలి చెట్టు ఆ చలికాలం దాటలేదు. మొలకలు వచ్చాయి, పచ్చగానే పూశాయి. తర్వాత కొన్నేళ్లకు ఆమె కూడా పోయింది. ఆమె ఊరు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఆ సందూ, మలుపూ, తగలబడిన ఇల్లూ అన్నీ నీళ్లలోనే. ఊరివాళ్లకు కాలనీలు కట్టి ఇచ్చారు. ఆ కాలనీల వార్తలకు పోయినప్పుడు పచ్చ కనకాంబరం ఎక్కడైనా ఉందా అని చూసేవాణ్ని. నాకు కనపడలేదు.

మా ఇంట్లో ఉంది. వీధిలో పెట్టే వీలున్నా కిటికీ కిందనే పెంచుతున్నాం. ఏడాదికి ఒకసారి విత్తనం కోసం కొన్ని కంకుల్ని ఎండనిచ్చి, మా ఆవిడ నీళ్లు చిలకరిస్తుంది. కాయ పేలినప్పుడు మా ఇద్దరిలో ఎవరో ఒకరం లేచి గుమ్మం దాకా పోతాం. వీధి మలుపు దాకా చూసి వస్తాం.

"ఎవరూ లేరు" అంటుంది మా ఆవిడ, లోపలికి వచ్చి. అప్పుడు రెండో కాయ కోసం కూర్చుంటాం.